తిరుపతి వంటింట్లో గయానా కోడికూర, దాల్‌పూరీ: మిద్దె మీద వాము ఆకు ఉంటే సగం పని అయిపోయినట్టే

తిరుపతిలో కూర్చుని కరేబియన్ వంట చేద్దామనుకునేవాళ్లకి నేను చెప్పే మొదటి మాట, ఫోన్ పక్కన పెట్టేయండి, ఆన్‌లైన్లో ఏమీ ఆర్డర్ పెట్టొద్దు. నేను పెట్టి బుద్ధి తెచ్చుకున్నా. థైమ్ అని ఒక డబ్బా, ఆల్‌స్పైస్ అని ఒక డబ్బా, టెంకాయ పాల పొడి, ఇంకేదో జర్క్ మసాలా, అన్నీ కలిపి 1500 దాటింది, తీరా థైమ్ డబ్బా మూత తీస్తే పశువుల కొట్టంలో ఎండుగడ్డి వాసన. అప్పుడు మా అమ్మ మిద్దె మీద బట్టలు ఆరేసి కిందికొస్తా చేతిలో నాలుగు ఆకులు పట్టుకొచ్చింది, నాకు దగ్గని కషాయానికి. ఆ వాసన ముక్కుకి తగలగానే నాలుగేళ్లు నేను తిన్న కోడికూర గుర్తొచ్చింది. కర్పూరవల్లి, అదే వాము ఆకు. మందంగా, నూగుగా, ప్రతి ఇంట్లో ఒక కుండీలో పడుండేది, పిల్లోళ్లకి జలుబు చేస్తే తప్ప మనం పట్టించుకోనిది. కరేబియన్‌లో దాన్నే స్పానిష్ థైమ్ అనీ, బ్రాడ్ లీఫ్ థైమ్ అనీ పిలుస్తారు, కూరల్లో వేస్తారు.

కొంచెం వెనక్కి పోయి చెప్తా, లేకపోతే నాకీ పిచ్చి ఎందుకో అర్థం కాదు. నేను న్యూయార్క్‌లో క్వీన్స్ వైపు రిచ్‌మండ్ హిల్‌లో నాలుగేళ్లు ఉన్నా. గయానా అంటే దక్షిణ అమెరికా ఉత్తరపు అంచులో ఉండే దేశం, తిండీ తీరూ మాత్రం కరేబియన్. ఆ దేశం వాళ్లు ఎక్కువ కాబట్టి రిచ్‌మండ్ హిల్‌ని లిటిల్ గయానా అంటారు, లిబర్టీ అవెన్యూ మీద నడిస్తే చీరల షాపులు, పూజ సామాన్లు, రోటీ షాపులు. మా ఇంటి సందు చివర ఒక చిన్న హోటల్ ఉండేది, ఆరు టేబుళ్లు, అద్దం వెనకాల స్టీలు ట్రేలు, గరిటె పట్టుకుని ఒక ఆంటీ. మెనూ కార్డు పేరుకే, ఆమె ఆ రోజు ఏం వండితే అదే. మొదటిరోజు నేను వేలు పెట్టి చూపిస్తా ఉంటే ఆమె ఒక్కోదాని పేరు చెప్పింది: దాల్, బైగన్, కరైలా, ఆలూ, గీరా చికెన్. గీరా అంటే జీలకర్రని తర్వాత తెలిసింది. ఇండియాలో ఎక్కడ అని అడిగితే దక్షిణం అన్నా. 'ఓ, మద్రాసీవా, మా నానమ్మ వాళ్లమ్మ మద్రాస్ పడవలో వచ్చిందంట' అని ఇంకో గరిటె కూర వేసింది. ఆ రోజు నించి వేరే చోట తినలేదనే చెప్పాలి.

అది ఆమె గొప్పకి చెప్పిన కథ కాదు. బ్రిటిష్ వాళ్లు బానిసత్వం ఎత్తేశాక చెరుకు తోటలకి కూలీలు లేక 1838 మే 5న మొదటి ఓడలు కలకత్తా నించి గయానా చేరినాయి, 1845లో ట్రినిడాడ్‌కీ జమైకాకీ మొదలైంది. 1917 దాకా ఒక్క గయానాకే సుమారు 2,39,000 మంది పోయినారు. ఎక్కువమంది బీహారు, ఉత్తరప్రదేశ్ వైపు భోజ్‌పురి వాళ్లు, అందుకే వంటింటి మాటలన్నీ ఆ భాషవి, కానీ మద్రాసు రేవు నించి కూడా ఓడలు కదిలినాయి, అందులో తమిళోళ్లూ తెలుగోళ్లూ ఉన్నారు. మన చిత్తూరు కూడా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోదే, 1911లో జిల్లా అయ్యేదాకా ఉత్తర ఆర్కాటు కిందే ఉండింది. నమ్మకం కలక్కపోతే వెస్టిండీస్ టీమ్‌కి ఆడిన గయానా స్పిన్నర్ పేరు గుర్తు తెచ్చుకోండి, వీరసామి పెర్మాల్. కొండ మీద పెరుమాళ్లే. అందుకని ఈ వంటని కొత్తగా నేర్చుకోవాలని భయపడొద్దు, మనకి తెలిసిన వంటే, రెండు మూడు అలవాట్లు మార్చుకుంటే చాలు. ఏ అలవాట్లు అనేదే నేను చెప్పబోయేది.

మొదటి అలవాటు, పచ్చి మసాలా. వాళ్లు గ్రీన్ సీజనింగ్ అంటారు, ఇది లేకుండా మాంసం ముట్టుకోరు. కిలో చికెన్‌కి ఉల్లికాడలు ఐదారు, కొత్తిమీర ఒక గుప్పెడు, తెల్లగడ్డ రెబ్బలు ఎనిమిది, ఒక చిన్న ఎర్రగడ్డ, పచ్చిమిరక్కాయలు నాలుగు, వాము ఆకులు నాలుగే నాలుగు. ఐదోది వేస్తే కూర కాదు కషాయం అవుతుంది, చేసి చూసినా. కొంచెం నీళ్లు పోసి మిక్సీలో బరకగా తిప్పండి. ట్రినిడాడ్‌లో కొత్తిమీర బదులు షాడో బెనీ అని పొడుగాటి రంపం ఆకు వేస్తారు, వాసన కొత్తిమీరదే కానీ ఘాటు ఎక్కువ, అది దొరకలేదని ఏడవక్కర్లేదు, కొత్తిమీర కాడలతో సహా వేస్తే సరిపోతుంది. ఆంటీ ఇంకో ఆకు వేసేది, 'మ్యారీడ్ మ్యాన్ పోర్క్' అనేవాళ్లు, పేరు చూసి కంగారు పడొద్దు, తులసి జాతి ఆకు అది. తిరుపతిలో కోడికూరలో తులసి వేసినానని మా అమ్మకి తెలిస్తే గిన్నెతో సహా నన్ను బయట పెడుతుంది, కాబట్టి అది వదిలేద్దాం.

చికెన్ నిమ్మకాయ పిండి కడిగి, ఎముకతో ఉన్న చిన్న ముక్కలు కొట్టించుకుని, ఈ పచ్చి మసాలా, ఉప్పు, కొంచెం మిరియాల పొడి పట్టించి కనీసం రెండు గంటలు పెట్టండి. రాత్రి పట్టించి ఫ్రిజ్‌లో పెడితే ఇంకా మంచిది. మిగిలిన మసాలా ఐస్ ట్రేలో పోసి గడ్డ కట్టిస్తే ఎప్పుడు కావాలంటే అప్పుడు రెండు ముక్కలు.

కూర పొడి ఇంట్లో కొట్టుకోండి. ధనియాలు నాలుగు స్పూన్లు, జీలకర్ర రెండు, మిరియాలు ఒకటి, మెంతులు అర, ఆవాలు అర, దోరగా వేయించి పొడి చేసి రెండు స్పూన్ల పసుపు కలపండి. కారం పొడి లేదు. ఇక్కడే మనోళ్ల చెయ్యి ఆగదు, ఇంత కారం వేస్తే ఏం పోతుందిలే అని డబ్బా తీస్తారు, వద్దు, వేస్తే అది మామూలు ఆదివారం కోడికూర అయిపోతుంది, దానికి ఇంత కథ ఎందుకు. అల్లం లేదు. టమాటా కూడా లేదు. మదనపల్లె మార్కెట్ పక్కనే పెట్టుకుని టమాటా లేని కూర ఏందని మా మామ రెండుసార్లు అడిగినాడు, మూడోసారి ప్లేటు ఖాళీ చేసినాక అడగలేదు.

ఇప్పుడు అసలు సంగతి, రెండో అలవాటు. మనం పొడులు ఎప్పుడేస్తాం? ముక్కలు మగ్గినాక పైన చల్లుతాం. వాళ్లు పొడిని ముందే నీళ్లతో దోసెపిండిలాగా కలిపి, దాన్ని నూనెలో వేయిస్తారు. మూడు పెద్ద స్పూన్ల కూర పొడి, నూరిన తెల్లగడ్డ ఒక స్పూన్, కాస్త నీళ్లు, గరిటె జారుడుగా. మందపాటి గిన్నెలో మూడు స్పూన్ల నూనె బాగా కాగినాక ఆ ముద్ద వేయండి, సర్రుమని పైకి లేస్తుంది, కొంచెం వెనక్కి నిలబడండి. మంట తగ్గించి కలుపుతానే ఉండాలి. ముందు పసుపు బురదలాగా ఉంటుంది, నీరు ఎగిరిపోయే కొద్దీ గట్టిపడుతుంది, రెండు మూడు నిమిషాలకి ముద్ద విడిపోయి తడి ఇసుక రేణువుల్లా అయ్యి అంచుల్లో నూనె బయటికొస్తుంది, పచ్చి పసుపు రంగు పోయి ఆవపిండి రంగు వస్తుంది. ఆ క్షణం ముఖ్యం. ఇంకో అర నిమిషం ఆలస్యమైతే మెంతులు మాడి మొత్తం చేదు, ముందే తొందరపడితే కూర అంతా పచ్చి పొడి వాసన. నేను మొదటిసారి మాడ్చినా, రెండోసారి భయపడి పచ్చిగా దించినా, మూడోసారికి ముక్కుకే తెలిసిపోయింది.

అప్పుడు చికెన్ మొత్తం ఒకేసారి వేసి ప్రతి ముక్కకీ ఆ రేణువులు అంటేట్టు తిప్పండి. నీళ్లు పోయొద్దు. మూత పెడితే చికెన్‌లోని నీరే బయటికొస్తుంది, అది పూర్తిగా ఇంకిపోయి గిన్నె అడుగున అంటుకునేదాకా పదిహేను నిమిషాలు పట్టుద్ది, మధ్యలో రెండుసార్లు కలపండి. ఇట్లా ఇగరబెట్టి పొడిపొడిగా దించేస్తే దాన్ని బంజల్ అంటారు, రోటీలోకి అదే బాగుంటుంది. పులుసు కావాలంటే ఇప్పుడు వేడినీళ్లు పోసి, నాలుగు ముక్కలు చేసిన ఉర్లగడ్డలు వేసి, ఇంకో ఇరవై నిమిషాలు. నాటుకోడి అయితే టైము డబుల్. దించే ముందు బాగా ముదురు రంగు వచ్చేదాకా వేయించిన జీలకర్ర పొడి ఒక స్పూన్, అదే గీరా, చల్లాలి. మన దగ్గర జీలకర్ర చిటపట అనగానే దించేస్తాం, వాళ్లది కాఫీ గింజ రంగుకి దగ్గరగా పోవాలి.

కారం లేదంటిరే అంటారా, ఉంది, అది మూడో అలవాటు. కరేబియన్ కారమంతా స్కాచ్ బానెట్ అనే గుండ్రటి మిరక్కాయది, ఈశాన్యం వైపు దొరికే భూత్ జోలోకియా జాతిదే, పండు లాంటి వాసన, దుంప తెంచే కారం. వాళ్లు దాన్ని కోయరు, తొడిమతో సహా ఉడికే కూరలో తేలేస్తారు. వాసన కూరకి పోతుంది, కారం కాయలోనే ఉంటుంది. పొరపాటున గరిటె తగిలి పగిలిందా, ఆ రోజు అందరికీ పండగే. గయానాలో వీరీ వీరీ అని రేగుపండంత ఉండే ఇంకో రకం ఉంటుంది. మనకి ఇవి రెండూ లేవు, తొడిమ తీయని పండుమిరక్కాయలు మూడు, చీలికలు లేకుండా చూసి వేసుకోండి. వాసన అచ్చం అదే రాదు, ఒప్పుకుంటా. అన్నట్టు మిరక్కాయ వాళ్ల ఖండం నించే పోర్చుగీసోళ్ల ద్వారా మనకొచ్చింది, మామిడి మన వైపు నించి వాళ్లకి పోయింది, ఎవరికెవరు బాకీయో నాకు తేలలేదు. మార్కెట్లో పచ్చి బెంగళూరా కాయలు కనపడితే తురిమి, పండుమిరపకాయలు, తెల్లగడ్డ, ఉప్పు, కొంచెం ఆవపొడి, వెనిగర్ వేసి మిక్సీ పట్టి సీసాలో పెట్టుకోండి, వారం తర్వాత పెప్పర్ సాస్ అని చెప్పుకోవచ్చు.

ఇక దాల్‌పూరీ, అంటే లోపల పప్పు పొడి కూరి పెనం మీద కాల్చే రోటీ. దీని మీద నేను ఎక్కువసేపు మాట్లాడతా, ఎందుకంటే అందరూ పగిలిపోయింది అని ఫోన్ చేసేది దీని గురించే. మొదటిసారి చేసి ప్లేట్లో పెడితే మా అమ్మ తుంచి నోట్లో పెట్టుకుని నమలతా నమలతా, 'ఏందిరా, ఓళిగల్లో బెల్లం మర్చిపోయినావా?' అనింది. అదే దాని సంగతి. ఓళిగ చేయడం వచ్చినోళ్లకి సగం వచ్చినట్టే, కానీ ఆ సగమే మోసం చేస్తుంది, ఎందుకంటే ఓళిగలో పూర్ణం తడిగా ముద్దగా ఉంటుంది, పిండితో పాటు సాగుతుంది. ఇందులో పూర్ణం పొడి.

ఒక గ్లాసు బఠానీ పప్పు నానబెట్టి, పసుపు, ఉప్పు, రెండు తెల్లగడ్డ రెబ్బలు వేసి గిన్నెలో ఉడికించండి, కుక్కర్ వద్దు, కుక్కర్లో పెడితే సాంబారే. పప్పు వేళ్ల మధ్య నొక్కితే నలగాలి, కానీ మెత్తగా పేస్టు కాకూడదు. శనగపప్పుతో కూడా వస్తుంది, ఇంకో ఐదు నిమిషాలు ఎక్కువ పట్టుద్ది. నీళ్లు వంచేసి పల్చటి గుడ్డ మీద పరిచి ఫ్యాన్ కింద గంట ఆరబెట్టండి. గంట అంటే గంటే. వేడి మీద మిక్సీలో వేస్తే ఆవిరికి ముద్దవుతుంది. ఆరినాక వేయించిన జీలకర్ర, ఒక పచ్చిమిరక్కాయ వేసి తిప్పితే పిడికిట్లో పడితే ముద్ద కట్టి, వేలితో తాకితే రాలిపోయే పొడి రావాలి. జల్లించండి. ఒక్క పలుకు మిగిలినా అప్పడాల కర్ర కింద అది మేకులాగా పొడుస్తుంది, పగిలేది అక్కడే.

అరకిలో మైదాకి ఒకటిన్నర స్పూన్ బేకింగ్ పౌడర్, ఉప్పు, రెండు స్పూన్ల నూనె, గోరువెచ్చటి నీళ్లు. చపాతీ పిండి కన్నా మెత్తగా, ఓళిగ పిండి కన్నా కొంచెం గట్టిగా. అరగంట మూత పెట్టి, తొమ్మిది పది ఉండలు చేయండి. ఒక్కో ఉండని అరచేతిలో గిన్నెలాగా ఒత్తేటప్పుడు అంచులు పల్చగా, నడుము మందంగా ఉండాలి, ఎందుకంటే అంచులన్నీ తెచ్చి పైన కుచ్చు కట్టినప్పుడు అక్కడ మందం దానంతటదే వస్తుంది. రెండు మూడు స్పూన్ల పొడి నింపి, గాలి లేకుండా మూసి, కుచ్చు కిందికి పెట్టి నూనె రాసి ఇంకో ఇరవై నిమిషాలు వదిలేయండి. ఈ రెండో విశ్రాంతి ఎవరూ ఇవ్వరు, ఇవ్వకపోతే పిండి వెనక్కి లాగుతుంది, మీరు కర్రతో గట్టిగా నొక్కుతారు, పప్పంతా బల్ల మీద. పొడి పిండి ధారాళంగా చల్లి, చేత్తోనే ముందు అదిమి, తర్వాత కర్ర బరువుతోనే నడుము నించి బయటికి తోయండి.

పెనం మధ్యస్థ మంట. వేసిన అర నిమిషానికి చిన్న చిన్న బుడగలు వస్తాయి, తిప్పండి, నూనె రాయండి, మళ్లీ తిప్పి రెండో వైపు రాయండి. సరిగ్గా కుదిరితే పూరీలాగా మొత్తం ఉబ్బుతుంది, అది చూసినప్పుడు నేను ఇంట్లో అందర్నీ పిలిచినా, మూడోసారికి ఎవరూ రాలేదు. మచ్చలు ఎర్రబడకముందే తీసి గుడ్డ పరిచిన గిన్నెలో ఒకదాని మీద ఒకటి పెట్టి మూయండి, ఆవిరికి మెత్తబడితేనే మడత పడుద్ది. పెనం మీద కరకరలాడితే బాగుందనుకోవద్దు, అది తప్పు.

ఓపిక లేనోళ్లకి పప్పు లేని రోటీ ఉంది. మడతలు పెట్టి కాల్చి, వేడివేడిగా పైకి ఎగరేసి రెండు చేతుల మధ్య చప్పట్లు కొట్టినట్టు కొడితే పొరలు విడిపోతాయి. మన పరోటా మాస్టర్లు రాత్రిపూట పరోటాలు దొంతర పెట్టి రెండు పక్కల నించి టపటపమని కొడతారు చూడండి, అదే పని. ట్రినిడాడ్‌లో ఇంకా ముందుకి పోయి పెనం మీదే అట్లకాడతో చించేస్తారు, దాని పేరు బస్సప్ షట్, చిరిగిన చొక్కా అని అర్థం.

శనివారం వస్తే ఇంకో తంటా. గయానాలో శనివారం వంట అంటే కుకప్ రైస్, ఇంట్లో ఉన్న మాంసం ముక్కలన్నీ పడేసి ఒకే గిన్నెలో వండేది. మన దగ్గర శనివారం నీచు ఊసెత్తితే ఇంకేమన్నా ఉందా. నేను మాంసం తీసేసి చేస్తున్నా, మాంసం లేదని ఎవరికీ లోటు తెలియలేదు, ఎందుకంటే అందులో రుచి అంతా అలసందలది, టెంకాయ పాలది. ఒక గ్లాసు అలసందలు నానబెట్టి ముప్పావు ఉడికించండి. ఒక టెంకాయ తురిమి పాలు తీయండి, గుడికి పోయొచ్చిన ఇంట్లో టెంకాయ చిప్పలకి కరువుండదు, చట్నీ చేసి చేసి విసుగొచ్చినప్పుడు ఇది చేయండి. గిన్నెలో ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఉల్లికాడలు, రెండు వాము ఆకులు వేయించి, రెండు గ్లాసుల కడిగిన బియ్యం, అలసందలు, నాలుగు గ్లాసుల టెంకాయ పాలు, మిరియాలు, ఉప్పు, పైన ఒక పండుమిరక్కాయ తొడిమతో. వాళ్లు వాడేది ఉప్పుడు బియ్యం, సోనా మసూరి అయితే పాలు అర గ్లాసు తగ్గించండి. పొలుకుపొలుకుగా రావాలని చూడొద్దు, కొంచెం తడిగా, గరిటెకి అంటేట్టు ఉంటేనే కుకప్. డిసెంబర్ 31 రాత్రి అలసందల కుకప్ తింటే కొత్త సంవత్సరం కలిసొస్తుందని గయానాలో నమ్మకం, మా ఇంట్లో ఉగాదికి కూడా చేసినా.

తాగడానికి సోరెల్. కరేబియన్‌లో క్రిస్మస్‌కి ఎర్రగా గ్లాసుల్లో పోసేది, మన గోంగూర చెట్టుకి కాసే ఎర్రటి కాయ మీది తొడుగుతోనే చేస్తారు. అవును, గోగాకే. మనం ఆకు కోసుకుని పచ్చడి చేసుకుని కాయలు వదిలేస్తాం, వాళ్లు ఆకు వదిలేసి కాయ పట్టుకున్నారు. ఇందిరా ప్రియదర్శిని మార్కెట్‌లో ఆకుకూరలు అమ్మే ఒక అక్కని గోంగూర కాయలు తెచ్చిస్తావా అంటే 'విత్తనానికా సామీ?' అనింది, తాగడానికి అంటే పక్కామెతో కలిసి నవ్వింది, కానీ తర్వాతి వారం సంచి నిండా తెచ్చింది. చలికాలంలో అడగండి. లోపలి గింజ బుడ్డ తీసేసి, రెండు గుప్పెళ్ల తొడుగులకి లీటరున్నర నీళ్లు, దంచిన అల్లం, నాలుగు లవంగాలు, చిన్న దాల్చిన చెక్క వేసి పది నిమిషాలు మరిగించి, రాత్రంతా మూతపెట్టి వదిలి, పొద్దున వడకట్టి చక్కెర కలపండి. పులుపు కదా, అల్యూమినియం గిన్నె వద్దు, స్టీలుదే. చక్కెర బదులు చిత్తూరు బెల్లం వేసి చూసినా, రుచి బాగుంది, రంగు మాత్రం పాడైంది. రమ్ము సంగతి మీ ఇంటి పరిస్థితిని బట్టి.

ఇవన్నీ ఒకే రోజు పెట్టుకోవద్దు, నేను అట్లా ఒక ఆదివారం మొదలుపెట్టి మధ్యాహ్నం భోజనం సాయంత్రం ఐదింటికి పెట్టినా. ముందు రోజు రాత్రి పప్పు ఉడికించి పొడి కొట్టుకుని, చికెన్‌కి పచ్చి మసాలా పట్టించి పెట్టుకుంటే మర్నాడు కూర, దాల్‌పూరీ రెండు గంటల పని. దాల్‌పూరీలు మిగిలితే మధ్యలో కాగితం పెట్టి ఫ్రీజర్లో పెట్టండి, ఆవిరి మీద వేడి చేస్తే చాలు. పప్పు పొడి మిగిలితే పారేయొద్దు, తడి ఉంటుంది కాబట్టి రెండు రోజుల్లో వాడేయాలి. మా అమ్మ దాన్ని వేడన్నంలో నెయ్యేసి కలుపుకుంటుంది, పక్కన గోంగూర పచ్చడి. ఇప్పుడు దాల్‌పూరీ చేసినా చేయకపోయినా ఆ పొడి మాత్రం చేసి పెట్టమంటోంది.